చెంబులో తంగేడు... చేతిలో కుంచె

నూనె, నీళ్లు కలవవన్నది పాత మాట. కలిసే రంగులు వచ్చి మూడు దశాబ్దాలు దాటింది. అయినా మన దగ్గర చాలామందికి ఆయిల్ పెయింటింగ్ అనగానే ముందు గుర్తొచ్చేది టర్పెంటైన్ వాసనే. ఇల్లంతా ఘాటు, నాన్నకు తలనొప్పి, అమ్మకు చిరాకు, చంటిపిల్లలుంటే ఇక ఆ సీసా మూత తీయడానికే భయం. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై కూడా పెళ్లయ్యాక కుంచెను అటకెక్కించిన ఆడపిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మళ్లీ మొదలుపెట్టాలనుకున్నా, వంటింటి పక్కన ఆయిల్ రంగులేమిటన్న సందేహం అడ్డుపడుతుంది.

ఆ సందేహం అక్కర్లేదు. నీళ్లతో కలుపుకొని, సబ్బుతో కడుక్కునే ఆయిల్ రంగులు దొరుకుతున్నాయి. వాటితో మొదటి బొమ్మ ఏం వేయాలంటే మాత్రం... దూరం పోనక్కర్లేదు, పెరట్లోకి వెళ్తే చాలు.

సూర్యాపేట నుంచి ఖమ్మం వెళ్లే దారిలో ఉంటుంది మోతె. ఒకప్పుడు నల్లగొండ జిల్లా, 2016 అక్టోబరు నుంచి సూర్యాపేట జిల్లా. పెత్రమాస దగ్గరపడే వేళకు ఈ వైపు పల్లెల్లో పూల వేట మొదలవుతుంది. చెల్క గట్ల మీద తంగేడు, చేలలో గునుగు, పెరట్లో బంతి, పాదు మీద గుమ్మడి. తొమ్మిది రోజులు బతుకమ్మ ఆడతారు. పొద్దున తెచ్చిన పూలు మధ్యాహ్నానికి సిబ్బిలో వరుసలవుతాయి, సాయంత్రం ఆటయ్యాక చెరువులో కలుస్తాయి. పేర్చినంతసేపు కూడా ఉండని అందం అది. పేర్చగా మిగిలిన గుప్పెడు పూలను పారేయకుండా ఒక ఇత్తడి చెంబులో పెట్టండి. మీ మొదటి స్టిల్ లైఫ్ సిద్ధమైనట్టే.

స్టిల్ లైఫ్ అంటే కదలని వస్తువుల బొమ్మ. పూలు కదలవన్నది మాత్రం సగం నిజం. గీస్తున్నంతసేపూ అవి విచ్చుకుంటాయి, వాలుతాయి, రేకులు రాలుస్తాయి. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని మధ్యాహ్నంలోపే ముడుచుకుంటుంది. తెంపిన తంగేడు సాయంత్రానికి డీలా పడుతుంది. బంతి మూడు నాలుగు రోజులు ఆగుతుంది. గునుగుకు అసలు చావే లేదన్నట్టు, ఎండినా ఆకారం చెడదు. ఈ లెక్క ఏ ఆర్ట్ పుస్తకంలోనూ ఉండదు కానీ, బతుకమ్మ పేర్చే ప్రతి ఇల్లాలికీ తెలుసు. ఏ పువ్వును చివరిదాకా నీళ్లలో ఉంచాలో, దేన్ని పొద్దున్నే తెంపాలో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పూల బొమ్మకు కావాల్సిన సగం చదువు అదే.

పసుపు గులాబీ కోసం...

ఈ తిప్పలు పెద్ద పెద్ద వాళ్లూ పడ్డారు. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో నెదర్లాండ్స్ పూల చిత్రాలకు పెట్టింది పేరు. అక్కడి యాన్ వాన్ హైసమ్ (1682–1749) ఎదురుగా పువ్వు లేనిదే గీసేవాడు కాదని ప్రతీతి. పసుపు గులాబీ దొరకనందువల్ల బొమ్మ పూర్తికాలేదని కొనుగోలుదారుకు ఉత్తరం రాశాడు. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న ఆయన పూల చిత్రం మీద 1736, 1737 అని రెండు సంవత్సరాలు కనిపిస్తాయి. ఒక రుతువులో పూసేది ఇంకో రుతువులో పూయదు కదా, అందుకని ఏడాది ఆగాడన్నమాట. ఆ బొమ్మల్లో వసంతం పూలూ, వేసవి పూలూ ఒకే కూజాలో కనిపించడంలో రహస్యం ఇదే.

విన్సెంట్ వాన్‌గోది పూర్తిగా వేరే దారి. 1888 ఆగస్టులో ఫ్రాన్స్‌లోని ఆర్ల్‌లో పొద్దుతిరుగుడు పూలు గీస్తూ, అవి త్వరగా వాడిపోతాయి కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టి ఒక్క ఊపులో ముగించాలని తమ్ముడికి రాశాడు. ఇల్లు, పిల్లలు, వంట మధ్య గీసేవారికి వాన్‌గో పద్ధతే నయం. ఏడాది ఎదురుచూసే తీరిక ఎవరికుంది!

మన చిత్రకారుల దగ్గరికొస్తే, సిద్దిపేట కాపు రాజయ్య (1925–2012) తెలంగాణ పల్లె పండుగలనూ, పనిపాటలనూ జీవితాంతం చిత్రించారు. మనవాళ్ల బొమ్మల్లో పూలకంటే మనుషులకే పెద్దపీట. బతుకమ్మ అంటే చప్పట్లు కొడుతూ తిరిగే ఆడవాళ్లు గుర్తొస్తారు కానీ, మధ్యలో ఉన్న పూలను దగ్గరగా వెళ్లి చూసిన బొమ్మలు తక్కువే. ఆ ఖాళీ ఇంటి చిత్రకారులకు మంచి అవకాశం.

నూనె నీళ్లకెలా లొంగింది?

మామూలు ఆయిల్ రంగులో ఉండేవి ప్రధానంగా రెండు. ఒకటి రంగు పొడి, రెండోది అవిసె నూనెలాంటి ఆరే నూనె. దాన్ని పలచన చేయాలన్నా, కుంచె కడగాలన్నా టర్పెంటైన్ కావాలి. నీళ్లతో కలిసే రకంలోనూ ఉండేది నూనే. కాకపోతే ఆ నూనెను నీళ్లతో కలిసేలా మారుస్తారు, లేదంటే నూనెనూ నీటినీ కలిపి పట్టుకునే పదార్థాన్ని చేరుస్తారు. అర్థం కావాలంటే పాలగిన్నె చూడండి. పాలలో వెన్న ఉంది, నీళ్లూ ఉన్నాయి, రెండూ విడిపోకుండా కలిసే ఉన్నాయి. జిడ్డు గిన్నెను సబ్బు వదిలించడమూ ఇలాంటిదే. సబ్బు అణువుకు ఒక కొస నూనెను పట్టుకుంటే, రెండో కొస నీళ్లను పట్టుకుంటుంది.

1990ల్లో ఈ రంగులు బజారులో నిలదొక్కుకున్నాయి. అమెరికాలో గ్రంబాకర్ కంపెనీ 'మ్యాక్స్', ఇంగ్లండ్ విన్సర్ అండ్ న్యూటన్ వారి 'ఆర్టిజన్', నెదర్లాండ్స్ రాయల్ టాలెన్స్ వారి 'కోబ్రా', జపాన్ హోల్‌బీన్ వారి 'డుయో' వీటిలో పేరున్నవి. విదేశీ సరుకు కాబట్టి ధర కాస్త ఎక్కువే. కొనేటప్పుడు ట్యూబు మీద నీళ్లతో కలుస్తుందన్న మాట ఉందో లేదో చూసుకోండి. పక్కనే ఉండే మామూలు ఆయిల్ ట్యూబుకూ దీనికీ చూపులకు పెద్ద తేడా ఉండదు.

ఒక్క విషయంలో చాలామంది పొరబడతారు. నీళ్లతో కలుస్తుంది కదా, వాటర్ కలర్‌లా గంటలో ఆరిపోతుందనుకుంటారు. ఆరదు. వేసిన కాసేపటికి ఎగిరిపోయేది నీళ్లే. మిగిలిన నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. పలచటి పూతకు కొన్ని రోజులు, మందంగా పెడితే వారం పది రోజులు, ఇంకా ఎక్కువ కూడా పట్టొచ్చు. ఒకసారి ఆరాక మళ్లీ నీళ్లు పోసినా కరగదు. అది అచ్చమైన ఆయిల్ పెయింటింగే.

చెంబు ముందు కూర్చునే ముందు

ట్యూబులు డజన్లకొద్దీ అక్కర్లేదు. తెలుపు (టైటానియం వైట్), నిమ్మపండు పసుపు, ముదురు పసుపు, ఒక ఎరుపు, అల్ట్రామెరీన్ నీలం, బర్న్‌ట్ సియెన్నా అనే ఇటుక గోధుమ రంగు, ఎల్లో ఆకర్ అనే మట్టి పసుపు. ఈ ఏడూ చాలు. ఆకుపచ్చ కొనకండి. నీలంలో పసుపు కలిపి మీరు చేసుకున్న ఆకుపచ్చే తంగేడు ఆకుకు దగ్గరగా ఉంటుంది, ట్యూబులోంచి వచ్చేది ప్లాస్టిక్ ఆకులా మెరుస్తుంది.

కుంచెలు సింథటిక్‌వి తీసుకోండి. పంది వెంట్రుకల కుంచె నీళ్లు పీల్చి మెత్తబడి, పట్టు వదిలేస్తుంది. పది, పన్నెండు అంగుళాల కాన్వాస్ బోర్డు ఒకటి, రంగులు కలపడానికి పాత పింగాణీ పళ్లెం, రెండు గ్లాసుల నీళ్లు, పాత నూలు బట్ట. ఆ పళ్లెం మళ్లీ అన్నానికి వాడొద్దు. టర్పెంటైన్ లేదు కాబట్టి ప్రమాదమే లేదనుకోవడం సరికాదు. రంగు పొడుల్లో క్యాడ్మియం, కోబాల్ట్‌లాంటి లోహాలు ఉంటాయి. గీస్తూ గీస్తూ టీ గ్లాసు అనుకుని కుంచెల గ్లాసు ఎత్తేసే అలవాటు చాలామందికి ఉంటుంది, జాగ్రత్త!

చెంబును కిటికీ పక్కన పెట్టండి. ఉత్తరం కిటికీ అయితే మంచిది, నేరుగా ఎండ పడదు కాబట్టి నీడలు గంటగంటకూ మారవు. వెలుతురు ఒక పక్క నుంచే రావాలి. ట్యూబ్‌లైటు వేశారా, పూలన్నీ గోడకు అతికించినట్టు కనిపిస్తాయి. వెనకాల ముదురు రంగు చీర ఏదైనా వేలాడదీయండి. తంగేడు పసుపు, గునుగు తెలుపు దాని ముందు వెలిగిపోతాయి.

ఇక గీత. పెన్సిల్ పక్కన పెట్టి, బర్న్‌ట్ సియెన్నాను నీళ్లతో టీ డికాక్షన్‌లా పలచన చేసి కుంచెతోనే గీయండి. పువ్వులు లెక్కపెట్టకండి. కళ్లు సగం మూసి చూస్తే రేకులు మాయమై మూడు నాలుగు ముద్దలు కనిపిస్తాయి. పైన పసుపు ముద్ద, పక్కన నారింజ ముద్ద, కింద చెంబు. వాటి హద్దులే గీయండి. తప్పయితే తడి బట్టతో తుడిచేయొచ్చు, ఈ రంగుల్లో ఉన్న పెద్ద సుఖం ఇది.

గుమ్మడి పువ్వు పెట్టుకుంటే ముందు దాని పనే పట్టండి. అది మీ వంట అయ్యేదాకా ఆగదు. తర్వాత తంగేడు. బంతి రేపటికైనా ఉంటుంది. గునుగును ఎల్లుండి వేసినా ఏమీ అనదు.

పసుపుకు నీడ వేయడం

పూల బొమ్మలో అసలు పరీక్ష పసుపు దగ్గరే. పువ్వుకు నీడ వైపు ముదురు కావాలి కదా అని పసుపులో నలుపు కలిపారో, అది పాచి పట్టిన ఆకుపచ్చ అవుతుంది. కొత్తవాళ్లంతా ఇక్కడే నిరుత్సాహపడి కుంచె కింద పడేస్తారు. నలుపు బదులు మట్టి పసుపు, దానిలో కొద్దిగా బర్న్‌ట్ సియెన్నా వేయండి. మరీ లోతైన నీడకు ఎరుపు, నీలం కలిపిన వంగపండు రంగు చుక్కంత. పసుపు పక్కన వంగపండు రంగు పడితే రెండూ వెలుగుతాయి.

తంగేడు పసుపు, బంతి పసుపు ఒకటి కావు. తంగేడులో కాస్త నిమ్మపండు ఛాయ, బంతిలో నారింజ. బంతిని ముందు ఒక బంతిలాగే చూడండి. వెలుతురు పడే వైపు, మధ్య, నీడ, ఈ మూడు భాగాలు వేసి గుండ్రన తెచ్చాక, అంచుల్లో నాలుగైదు రేకులు మాత్రం విడిగా చూపిస్తే చాలు. మిగతావి చూసేవాళ్లే ఊహించుకుంటారు. అన్నట్టు, మనం దండ గుచ్చకుండా ఏ శుభకార్యం చేయని ఈ బంతి పుట్టిల్లు మెక్సికో.

గునుగు తెల్లగా ఉంటుందని నేరుగా తెలుపు పూయకండి. దగ్గరగా చూస్తే అది వెండి రంగు, కొసలకు గులాబీ, మొదట్లో బూడిద. తెలుపులో రవ్వంత నీలం, రవ్వంత ఎరుపు కలిపి మొత్తం కంకి వేసి, వెలుతురు తగిలే చోట మాత్రమే అసలు తెలుపు పెట్టండి. బతుకమ్మకు గునుగు కొసలను బకెట్‌లో కలిపిన రంగుల్లో ముంచి ఎరుపు, నీలం, ఆకుపచ్చ చేస్తారు. అలా ముంచిన రెండు కట్టలు కూడా చెంబులో ఉంటే బొమ్మకు పండుగ కళ వస్తుంది.

ఇత్తడి చెంబును చాలామంది పసుపు రంగు పూసి, ఒక తెల్ల చుక్క పెట్టి ముగిస్తారు. నిజానికి ఇత్తడికి సొంత రంగుకంటే అరువు రంగులే ఎక్కువ. కిటికీ, చీర, పక్కనున్న పూలు అన్నీ దాని పొట్టలో వంకరగా కనిపిస్తాయి. ఎదురుగా కనిపించే ముదురు మచ్చలను భయపడకుండా ముదురుగానే వేయండి. మెరుపు చుక్క అన్నిటికంటే చివర, మందంగా, ఒకే దెబ్బలో.

నీళ్లు ఎక్కువైతే...

రంగు సులువుగా పారుతోంది కదా అని నీళ్లు పోసుకుంటూ పోతే పట్టు తప్పుతుంది. నూనె పలచబడిపోయి రంగు పొడి కాన్వాస్‌కు సరిగా అంటుకోదు. మొదటి పూతకే నీళ్లు. తర్వాతి పూతల్లో నీళ్లు తగ్గించి, ఈ రంగుల కోసమే అమ్మే అవిసె నూనె ఒకటి రెండు చుక్కలు వాడండి. కింద పలచన, పైన జిడ్డు. ఆయిల్ పెయింటింగ్‌లో తాతల కాలం నుంచి ఉన్న సూత్రం ఇది. దీన్ని తిరగేస్తే పై పూత ముందు ఆరిపోయి, కింది పూత తర్వాత కదిలి, బొమ్మ బీటలు వారుతుంది. సిబ్బిలో అడుగు వరుస గట్టిగా కూర్చోకపోతే పై వరుసలు ఏమవుతాయో తెలిసినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. నీళ్లు కలిపినప్పుడు రంగు కాస్త పాలు పోసినట్టు లేతగా కనిపించి, నీళ్లు ఎగిరిపోయాక ముదురుతుంది. నీడలు లేతగా ఉన్నాయని కంగారుపడి వెంటనే దిద్దకండి, పావుగంట ఆగి చూడండి. గీస్తుండగా రంగు జిగురుగా సాగితే నీళ్లు పోయడం మందు కాదు, నూనె చుక్క మందు. మామూలు అవిసె నూనె కూడా కొద్దిగా కలపొచ్చు కానీ, ఎక్కువైతే నీళ్లతో కలిసే గుణం పోతుంది. అప్పుడు మళ్లీ టర్పెంటైన్ గడప తొక్కాల్సిందే.

పసుపు నిలుస్తుందా?

వాన్‌గో వాడిన పసుపుల్లో క్రోమ్ ఎల్లో ఒకటి. ఆ రంగు కొన్ని బొమ్మల్లో గోధుమ రంగుకు తిరిగింది. 2011లో శాస్త్రవేత్తలు ఎక్స్ కిరణాలతో పరీక్షించి, వెలుతురు తగిలి క్రోమియంలో వచ్చిన రసాయనిక మార్పే కారణమని తేల్చారు. కాబట్టి ట్యూబు కొనేటప్పుడు రంగు పేరు చూసి సరిపెట్టుకోకండి. వెలుతురుకు ఎంత తట్టుకుంటుందో ట్యూబు మీద గుర్తులతో రాసి ఉంటుంది, మంచి గ్రేడు ఉన్నవే తీసుకోండి. పేరు చివర 'హ్యూ' అని ఉంటే అందులో అసలు క్యాడ్మియం లేదు, అదే ఛాయ ఇచ్చే వేరే పొడి ఉందని అర్థం. అదేం నాసిరకం కాదు. పిల్లలున్న ఇంటికి అదే మేలు కూడా.

రంగు సంగతి ఇలా ఉంటే, పువ్వే నిలవని రోజులొచ్చాయి. 2014లో తంగేడును తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. ఒకప్పుడు దీని బెరడుతో తోళ్లు పదును చేసేవారు, ఇప్పుడు దీనితో పని బతుకమ్మ నాడే. గునుగుకు ఆ గుర్తింపూ లేదు. రైతు కళ్లకు అది కలుపు మొక్క. సాగర్ ఎడమ కాలువ నీళ్లొచ్చాక కోదాడ, మిర్యాలగూడ వైపు వరి పరుచుకుంది. చెల్క మడిగా మారిన చోట, కలుపు మందు కొట్టిన చోట గునుగు నిలవదు. అలాగని రైతును తప్పుపట్టలేం, పంట పండితేనే ఆ ఇంట్లో పండుగ. హైదరాబాద్‌లో గునుగు కట్టలు బజారులో కొంటున్నారు. పల్లెలోనూ పిల్లలు ఇంకాస్త దూరం నడిస్తేనే దొరికే పువ్వయింది. ఇంటి గోడ మీద గునుగు బొమ్మ ఉంటే, రేపు మనవరాలు ఇదేం పువ్వని అడుగుతుంది. ఆ ప్రశ్న కోసమైనా కాస్త ఓపిక పట్టి, కంకి మీది గులాబీ కొస దాకా గీయండి.

పని అయ్యాక

కుంచెలను ముందు బట్టకు తుడవండి. తర్వాత గోరువెచ్చటి నీళ్లు, సబ్బు. రంగునంతా నేరుగా సింకులోకి, మొక్కల్లోకి కడగడం వద్దు, రంగు పొడులు మట్టిలోకి చేరతాయి. రాత్రికి కడుగుదాంలే అని వదిలేస్తే కుంచె మొదట్లో రంగు గట్టిపడి మర్నాటికి అది చీపురు అవుతుంది. రంగు తుడిచిన బట్టలను ముద్దగా చుట్టి మూల పడేయకండి. అవిసె నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు వేడి పుడుతుంది, కుప్పగా ఉంటే దానంతటదే అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్లతో కలిసే రంగులోనూ ఉన్నది అదే జాతి నూనె. బట్టలు విడివిడిగా ఆరేసి, ఆరాకే పారేయండి.

బొమ్మను బీరువాలో దాచకండి. చీకట్లో ఆరిన అవిసె నూనె పసుపుబారుతుంది, గునుగు తెలుపు మాసినట్టవుతుంది. దుమ్ము పడని, ఎండ నేరుగా తగలని, గాలీ వెలుతురూ ఆడే గోడకు ఆనించండి. ముట్టుకుంటే అంటుకోవడం లేదని వెంటనే వార్నిష్ వేయకండి, లోపలి పూత ఆరడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. ఈ పెత్రమాసకు వేసిన బొమ్మకు వచ్చే పెత్రమాసకు వార్నిష్ అనుకుంటే లెక్క సరిపోతుంది. ఆరేదాకా వెనకవైపు పెన్సిల్‌తో తేదీ, వాడిన రంగులు, పూల పేర్లు, ఏ చెల్క గట్టున తెంపారో రాసి పెట్టండి.